బటనుకు ఆ నిగనిగ ఎక్కడిది?

— తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి

"బటనే కదా, అదీ ఒక వ్యాసానికి వస్తువేనా?" అని పాఠక మిత్రులు పెదవి విరవవచ్చు. సావనీరు అనగానే కవితలూ, కథలూ, యువతరం కర్తవ్యాల మీద వ్యాసాలూ గుర్తుకొస్తాయి గానీ బటను గుర్తుకు రాదు. అయితే నేను చెప్పబోయేది చొక్కా గుండీ సంగతి కాదు. కంప్యూటరు తెర మీద, ఫోను తెర మీద మనం రోజుకు ఎన్నోసార్లు నొక్కే బొమ్మ బటను సంగతి. అందులోనూ నూనె రాసినట్టు నిగనిగలాడుతూ, ఉబ్బెత్తుగా, చూడగానే నొక్కబుద్ధయ్యే బటను సంగతి.

తెర అంటే ఒక అద్దపు పలక. దాని మీద ఎత్తూ లేదు, పల్లమూ లేదు. వేలితో తడిమి చూడండి, అంతా ఒకటే నునుపు. మరి అక్కడ ఒక బటను పైకి ఉబికినట్టు ఎలా కనబడుతోంది? ఆ బొమ్మను ఎలా తయారు చేస్తారు? అసలు ఆ మెరుపు అవసరమా, లేక ఉత్త ఆర్భాటమా? ఈ మూడు ప్రశ్నలకు నా చదువు మేరకు సమాధానం చెప్పడానికి ప్రయత్నిస్తాను.

వంకాయ చెప్పే పాఠం

మాది వ్యవసాయ కుటుంబం. కాబట్టి నా ఉదాహరణలు తోటలోనుంచే వస్తాయి, మన్నించాలి. నిగనిగకు గురువు ఎవరంటే నేను వంకాయ పేరు చెబుతాను. లేత వంకాయను కోసి ఎండలో పట్టుకుని చూడండి. కాయ నల్లని ఊదారంగు. కానీ దాని భుజం మీద మెరిసే మచ్చ మాత్రం ఊదా కాదు, తెలుపు! నీలం గాజుల మీదా అంతే, నేరేడు పండు మీదా అంతే. వస్తువు రంగు ఏదైనా మెరుపు రంగు తెలుపే.

దీనికి కారణం మనం ఇంటర్మీడియట్‌లో చదువుకున్నదే. వస్తువు మీద పడిన కాంతి రెండు రకాలుగా తిరిగొస్తుంది. కొంత కాంతి పైపొరలోకి చొచ్చుకుపోయి, అక్కడి రంగు పదార్థంలో చెదిరి, ఆ రంగు పులుముకుని అన్ని వైపులకూ వెదజల్లబడుతుంది. కాయ రంగు మనకు తెలిసేది దీనివల్లనే. ఇంకొంత కాంతి లోపలికి వెళ్ళకుండానే నున్నని ఉపరితలం మీదనుంచి అద్దం మీద మాదిరిగా తిరిగిపోతుంది. అది లోపలి రంగును ముట్టుకోలేదు గనుక సూర్యుడి తెలుపుతోనే వస్తుంది. అదే మెరుపు. ఇత్తడి బిందె, రాగి చెంబు వంటి లోహాల కథ వేరు. వాటి మెరుపుకు లోహపు రంగే అంటుకుంటుంది. మట్టికుండకు మెరుపే ఉండదు, దాని గరుకుతనం కాంతిని చిందరవందర చేస్తుంది.

గాజు మీద నిటారుగా పడిన కాంతిలో సుమారు 4 శాతం మాత్రమే ఇలా అద్దంలా తిరిగొస్తుంది. "ఇంతేనా?" అనుకోకండి. సూర్యుడు అంత ప్రకాశవంతుడు కాబట్టి ఆ 4 శాతమే నల్లని కాయ మీద కళ్ళు చెదిరేలా కనబడుతుంది.

ఈ రెండు రకాల కాంతినీ విడివిడిగా లెక్కగట్టి కలిపితే కంప్యూటరు బొమ్మకు నిగారింపు వస్తుందని చూపించినవాడు బుయ్ తువాంగ్ ఫాంగ్ అనే వియత్నాం యువకుడు. అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో 1973లో పరిశోధన పూర్తిచేశాడు. 1975లోనే చిన్న వయసులో కన్నుమూశాడు. ఆయన సూత్రం ఇప్పటికీ కంప్యూటరు గ్రాఫిక్స్ పాఠాలలో మొదటి మెట్టు.

కన్ను నమ్మే సూర్యుడు

ఇక ఉబ్బెత్తు సంగతి. ఒక గుండ్రని మచ్చను పైన తెల్లగా, కిందకు వచ్చేకొద్దీ నల్లగా వేస్తే అది బుడిపెలా కనబడుతుంది. అదే మచ్చను తలకిందులు చేస్తే గుంటలా కనబడుతుంది. మెదడు వెలుగు ఎప్పుడూ పైనుంచే వస్తుందనీ, వెలిగేవాడు ఒక్కడేననీ గట్టిగా నమ్ముతుంది. సూర్యుడి కింద పుట్టి పెరిగిన జాతి కదా మనది! తమిళనాడులో పుట్టిన నాడీశాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ 1988లో ప్రచురించిన ప్రయోగాలలో ఈ విషయాన్ని చక్కగా చూపించారు.

దీన్ని మీరే పరీక్షించవచ్చు. తడి నేల మీద ఎద్దు గిట్టల గుర్తులను ఏటవాలు ఎండలో ఫోటో తీయండి. తరువాత ఆ ఫోటోను తలకిందులు చేసి చూడండి. గుంటలు కాస్తా బుడిపెలైపోతాయి! బటను తయారుచేసేవాడు ఆధారపడేది మన కంటికున్న ఈ నమ్మకం మీదనే.

పనిముట్టు: విద్యార్థులు చేసినదే

బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేరు అనగానే అందరూ ఫోటోషాప్ అంటారు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన విద్యార్థిగా ఉన్న థామస్ నోల్, తన తమ్ముడు జాన్‌తో కలిసి దానికి రూపమిచ్చాడు. 1990లో అది మార్కెట్లోకి వచ్చింది. కానీ దానికి చందా కట్టాలి. మనబోటివారికి సరిపడేది జింప్. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు 1995లో దీనిని మొదలుపెట్టారు, 1996లో జనానికి విడుదల చేశారు. అప్పటికీ ఇప్పటికీ ఉచితం. జింప్ ఫైలు పేరు చివర కనబడే 'ఎక్స్.సి.ఎఫ్.' అనే మూడక్షరాలు ఏమిటో తెలుసా? వాళ్ళ కాలేజీలోని కంప్యూటరు సంఘం పేరుకు పొడి అక్షరాలు! ఒక విద్యార్థి సంఘం పేరు ఇలా ప్రపంచమంతటా కంప్యూటర్లలో నిలిచిపోవడం మన యూనియన్ మిత్రులు గమనించదగ్గ విషయం.

ఐదు పొరలు

జువాలజీ రికార్డులో బొమ్మ మీద బటర్ పేపరు కప్పుతాం కదా. జింప్‌లో లేయరు అంటే అటువంటి పారదర్శకమైన కాగితం. ఒక్కొక్క కాగితం మీద ఒక్కొక్క పని చేసి, ఒకదానిమీద ఒకటి పేర్చితే బొమ్మ పూర్తవుతుంది. మన బటనుకు అడుగునుంచి పైకి ఐదు పొరలు: నీడ, ఒళ్ళు, లోపలి వెలుగు, మెరుపు, అక్షరాలు. చేయడం మాత్రం ఒంటితో మొదలుపెడదాం.

మొదటగా 400 పిక్సెళ్ళ వెడల్పు, 200 పిక్సెళ్ళ ఎత్తుగల కొత్త బొమ్మను తెరవండి. అడుగు పారదర్శకంగా ఉండాలని ఎంచుకోండి. కొత్త లేయరు చేర్చండి. దీర్ఘచతురస్రం ఎంచే పనిముట్టు తీసుకుని, దాని ఐచ్ఛికాలలో 'రౌండెడ్ కార్నర్స్' అన్నదానికి టిక్కు పెట్టి, వ్యాసార్ధం 50 ఇవ్వండి. ఎడమనుంచి 40, పైనుంచి 40 స్థానంలో 320 వెడల్పు, 100 ఎత్తు గల ఎంపిక చేయండి. మందుబిళ్ళ ఆకారం వస్తుంది. ఇందులో గ్రేడియంట్ పనిముట్టుతో పైన ముదురు నీలం, కింద లేత నీలం వచ్చేలా పైనుంచి కిందకు నిలువుగా లాగండి. ఇది ఒళ్ళు.

ఇక్కడ చురుకైన పాఠకులు నన్ను పట్టుకుంటారు. "వెలుగు పైనుంచి వస్తే పైభాగమే లేతగా ఉండాలిగా? నువ్వు కింద లేత రంగు వేయమంటున్నావేమిటి?" అని. మంచి ప్రశ్న. చామాకు మీద నిలిచిన నీటిబొట్టును చూడండి. దాని నెత్తిన చిన్న తెల్లని మెరుపు ఉంటుంది. లోపలికి వెళ్ళిన కాంతి వంగి, కటకంలో మాదిరిగా ఒకచోటికి చేరి, బొట్టు అడుగువైపు వెలుగుతుంది. గోళీకాయలోనూ అంతే. అంటే మన బటను వంకాయలాంటి గట్టి వస్తువు కాదు, నీటిబొట్టులాంటి, గాజులాంటి వస్తువు. పైన మెరుపు, అడుగున లోవెలుగు అన్న రెండూ కలిసినప్పుడే కన్ను దానిని గాజు అని నమ్ముతుంది.

ఆ లోవెలుగు కోసం ఇంకో లేయరు చేర్చండి. బటను కింది సగంలో అడ్డంగా 240 వెడల్పు, 36 ఎత్తు గల అండాకారం ఎంచి, దాని అంచులను 'ఫెదర్' ద్వారా 14 పిక్సెళ్ళ మేర మెత్తబరచి, లేత ఆకాశ రంగు నింపండి. లేయరు గాఢతను 50 శాతానికి తగ్గించండి.

ఇప్పుడు అసలైన మెరుపు. దీనికి ఇంకొక లేయరు. మళ్ళీ గుండ్రని మూలల ఎంపిక, ఈసారి వ్యాసార్ధం 23. వెడల్పు 290, ఎత్తు 46. ఎడమనుంచి 55, పైనుంచి 44 స్థానంలో పెట్టండి. అంటే బటను పై అంచుకు 4 పిక్సెళ్ళు లోపలగా, పై సగంలో మాత్రమే ఉంటుంది. ముందు రంగుగా తెలుపు ఎంచుకుని, తెలుపునుంచి పారదర్శకానికి వెళ్ళే గ్రేడియంటును పైనుంచి కిందకు లాగండి. లాగడం పూర్తికాగానే బిళ్ళ ఒక్కసారిగా గాజైపోతుంది! మొదటిసారి చూసినప్పుడు నిజంగా ఒళ్ళు పులకరిస్తుంది.

మెరుపు పై సగంలోనే ఎందుకు? ఆరుబయట పెట్టిన నున్నని గొట్టాన్ని ఊహించుకోండి. దాని పైవైపు వంపులో ఆకాశం ప్రతిఫలిస్తుంది, కిందివైపు నేల ప్రతిఫలిస్తుంది. ఆకాశం తెలుపు, నేల చీకటి. మధ్యలో దిగంతం. కొన్ని బటన్ల మీద తెలుపు నడిమిలో గీత గీసినట్టు ఠక్కున ఆగిపోతుంది చూడండి, అది దిగంతపు ప్రతిబింబమే. బటను బొమ్మలో ఆకాశమూ, నేలా దాగి ఉన్నాయన్నమాట!

నీడకు ఒంటి లేయరు కిందుగా మరొక లేయరు పెట్టండి. ఒంటి ఆకారాన్నే ఎంచి, నలుపు నింపి, ఎంపిక తీసేసి, 'గాసియన్ బ్లర్' 6తో మసకపరచి, 5 పిక్సెళ్ళు కిందకు జరపండి. గాఢత 40 శాతం చాలు. నీడ ఎంత దూరం జరిగితే బటను నేలనుంచి అంత ఎత్తున తేలినట్టుంటుంది.

చివరగా అక్షరాలు. మండలి, రామభద్ర, గిడుగు వంటి తెలుగు ఖతులు ఉచితంగానే దొరుకుతాయి. అన్నిటికంటే పై లేయరులో తెల్లని అక్షరాలతో 'పంపండి' అనో 'నొక్కండి' అనో వేయండి. ఇంగ్లీషు అక్షరాలకు కొలిచి చేసిన బటనులో తెలుగు ఇమడదని గుర్తుంచుకోవాలి. మనకు పైన గుడులూ, ఏత్వాలూ, కింద వత్తులూ ఉన్నాయి. 'నొక్కండి'లో క-వత్తు తెగిపోకుండా ఉండాలంటే బటను ఎత్తు పెంచాలి, లేదా అక్షరం తగ్గించాలి.

దాచేటప్పుడు జింప్ సొంత ఫైలుగా ఒకటి దాచండి, పొరలన్నీ విడివిడిగా ఉంటాయి. వాడకానికి పి.ఎన్.జి. రూపంలో ఎగుమతి చేయండి. జె.పి.జి.లో పారదర్శకత నిలవదు, మూలల్లో చతురస్రపు అడుగు మిగిలిపోతుంది.

నొక్కినప్పటి బటను కూడా కావాలంటే మెరుపు తగ్గించి, నీడ తీసేసి, అక్షరాలను 2 పిక్సెళ్ళు కిందకు దింపండి. బటను లోపలికి దిగినట్టు కనబడుతుంది.

మెరుపు లెక్క

సైన్సు విద్యార్థిని కదా, లెక్క లేకుండా ముగిస్తే మా లెక్చరర్లు ఊరుకోరు. తెర మీద ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు సంఖ్యలుంటాయి. ఒక్కొక్కటి 0 నుంచి 255 దాకా. మన నీలం 20, 80, 160 అనుకుందాం. దాని మీద 60 శాతం గాఢతతో తెలుపు కప్పితే, తెలుపులో 60 శాతం, నీలంలో 40 శాతం కలుస్తాయి. ఎరుపు: 153కు 8 కలిపి 161. ఆకుపచ్చ: 153కు 32 కలిపి 185. నీలం: 153కు 64 కలిపి 217. సాఫ్ట్‌వేరు లెక్కవేసే పద్ధతిని బట్టి ఈ అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి గానీ సూత్రం ఇదే.

ఇందులో ఒక ప్రమాదం దాగి ఉంది. చదవడానికి వీలుగా ఉండాలంటే అక్షరానికీ, దాని వెనుక రంగుకూ మధ్య ప్రకాశపు నిష్పత్తి కనీసం 4.5 ఉండాలని అంతర్జాతీయంగా అంగీకరించిన వెబ్ ప్రమాణం చెబుతోంది. పెద్ద అక్షరాలకైతే 3 చాలు. మన నీలం మీద తెల్లని అక్షరానికి ఈ నిష్పత్తి సుమారు 7.8. బ్రహ్మాండం! కానీ 60 శాతం మెరుపు కప్పిన చోట అది 2కు పడిపోతుంది. మెరుపును 20 శాతానికి తగ్గిస్తే మళ్ళీ 4.8కి లేస్తుంది. తలకట్టులూ, గుడులూ ఉండేది సరిగ్గా ఆ మెరుపు పడే చోటనే. అవి తెలుపులో తెలుపైపోతే 'న' ఏదో 'ని' ఏదో తెలియదు. కావున పై అంచు దగ్గర ఎంత మెరిసినా ఫరవాలేదు, అక్షరాల దగ్గరకు వచ్చేసరికి మెరుపు 20 శాతం లోపుకు దిగిపోవాలి. కంటికింపు ముఖ్యమే, కానీ చదవడం అంతకంటే ముఖ్యం.

వచ్చి, పోయి, మళ్ళీ వచ్చిన మెరుపు

ఈ గాజు బటన్ల యుగం 2000 జనవరిలో మొదలైందని చెప్పవచ్చు. ఆ నెలలో శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టీవ్ జాబ్స్ ఆపిల్ కంప్యూటర్లకు 'ఆక్వా' అనే కొత్త వేషం చూపించాడు. చూడగానే నాలుకతో నాకాలనిపించడమే తమ లక్ష్యాలలో ఒకటని ఆయన చమత్కరించాడు. తరువాత 2007లో విండోస్ విస్టా కిటికీలన్నిటికీ గాజు తొడిగింది. అదే ఏడాది వచ్చిన ఐఫోను బొమ్మల మీదా నెలవంక లాంటి మెరుపే.

2012లో విండోస్ 8, 2013లో ఐఫోను ఏడవ రూపం ఆ మెరుపును తుడిచేశాయి. జనానికి ఫోన్లు అలవాటైపోయాయి, ఇంకా గాజు బొమ్మలెందుకన్నారు. తెరల సైజులు నానారకాలైనందువల్ల, ఒక కొలతకు గీసిన బొమ్మ ఇంకో కొలతలో మసకబారడం కూడా ఒక కారణం. అంతా చదునైపోయింది. అక్కడితో ఆగిందా? 2025లో ఆపిల్ వాళ్ళు 'లిక్విడ్ గ్లాస్' పేరుతో మళ్ళీ గాజునే తెచ్చారు. ఈసారి మెరుపు గీసిన బొమ్మ కాదు, ఫోను కదిలినప్పుడల్లా అప్పటికప్పుడు లెక్కగట్టేది. వెంటనే అక్షరాలు సరిగా కనబడడం లేదన్న విమర్శ కూడా వచ్చింది. మనం పైన వేసిన లెక్కే!

ఎవరికోసం ఈ మెరుపు?

"ఇదంతా ఫ్యాషనేగా, చీరల అంచుల్లాగ మారుతూ ఉంటుంది" అని కొందరంటారు. నాకు అలా అనిపించదు. మా నాన్న పదో తరగతి దాకా చదివారు. ధరలు చూసుకోవడం, అర్జీలు నింపడం అన్నీ ఇప్పుడు ఫోనులోనే. ఒక యాప్‌లో వివరాలన్నీ నింపి, చివర ఆగిపోయారు. తెల్లని తెర మీద 'ముందుకు' అని నీలం అక్షరాలున్నాయి. దానికి గడీ లేదు, నీడ లేదు. "దాన్ని నొక్కండి నాన్నా" అన్నాను. "అక్కడ నొక్కడానికేముందిరా, అది రాతేగా!" అన్నారు.

ఆయన మాట నూటికి నూరుపాళ్ళు నిజం. మోటారు స్టార్టరు మీద పచ్చ బటను ఉబ్బెత్తుగా ఉంటుంది, చీకట్లో తడిమినా దొరుకుతుంది. తెర మీద చేతికి దొరకదు గనుక కంటికైనా దొరకాలి. చదునైన బటను చదువుకున్నవాడికి అలవాటు వల్ల తెలుస్తుంది. అలవాటు లేనివాడికి చెప్పగలిగేది ఆ కాస్త మెరుపూ, ఆ కాస్త నీడే. "నేను ఉబ్బి ఉన్నాను, నన్ను నొక్కు" అని అక్షరం రాకపోయినా అర్థమయ్యే భాష అది. సైజు కూడా అంతే. నొక్కే చోటు కనీసం 9 మిల్లీమీటర్లు ఉండాలని ఆండ్రాయిడ్ సలహా. పార పట్టిన బొటనవేలికి అదైనా ఇవ్వాలి కదా!

అయితే మెరుపుకు మరో ముఖం ఉంది. పాత ప్రశ్నపత్రాల కోసం వెతికినప్పుడు మనందరికీ ఎదురైనదే. పేజీలో మూడు పెద్ద పచ్చని నిగనిగల 'డౌన్‌లోడ్' బటన్లుంటాయి, మూడూ ప్రకటనలే. నిజమైనది ఏ మూలనో చీమ తలకాయంత అక్షరాలలో ఉంటుంది. 'ఒప్పుకుంటున్నాను' అన్నది ధగధగలాడుతుంది, 'వద్దు' అన్నది బూడిద రంగులో నక్కి ఉంటుంది. ఇటువంటి కపటాలను డార్క్ ప్యాటర్న్స్ అంటారు. మన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో వీటిని 13 రకాలుగా విడదీసి, నిషేధిస్తూ మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం ఒక్కటే చాలదు. బటను గీసే చెయ్యి కూడా మంచిదై ఉండాలి.

వంగతోటలో నిగనిగ అంటే కాయ లేతగా ఉందని అర్థం. ముదిరిన కాయ వన్నె తగ్గుతుంది. అంటే ప్రకృతిలో ఆ మెరుపు ఒక సాక్ష్యం, కొనేవాడు దాన్ని నమ్మే చెయ్యి చాపుతాడు. తెర మీద మెరుపు కూడా అలాగే సాక్ష్యంగా ఉండాలి. నొక్కవలసినదానికే మెరుపు ఇవ్వాలి, నొక్కకూడనిదానికి ఇవ్వకూడదు. పేజీలో అన్నీ మెరిస్తే ఏదీ మెరవనట్టే.

మిత్రులారా! మనలో చాలామంది రేపు ఏదో ఒక తెర వెనుక పనిచేయబోతున్నాం. కంప్యూటరు ల్యాబులో ఒక గంట ఖాళీ దొరికితే జింప్ తెరిచి ఈ ఐదు పొరలూ వేసి చూడండి. పూర్తయ్యాక మార్కుల కోసం స్నేహితుడికి చూపించవద్దు. ఫోను వాడడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న మీ అమ్మకో, తాతయ్యకో ఇచ్చి, "ఎక్కడ నొక్కాలో చెప్పు" అనండి. వాళ్ళ వేలు తడుముకోకుండా సరిగ్గా అక్కడికే వెళ్ళిందా, మీరు పాసైనట్టే.